ట్రాంపోలిన్ మ్యాట్ నిండా నాచు, స్ప్రింగులకి తుప్పు... ఎలా కడగాలి? ఇంకా వాడొచ్చా?

పెరటి_గట్టు:

అందరికీ నమస్కారం. మా పెరట్లో 12 అడుగుల గుండ్రటి ట్రాంపోలిన్ ఉంది, చుట్టూ నెట్ ఉన్న రకం, కొని నాలుగేళ్లు అయింది. మొదట్లో బాగానే చూసుకున్నాం, తర్వాత పిల్లలకి చదువులు మాకు పనులు, వానలు మొదలయ్యాక దాని దగ్గరికి వెళ్లినవాళ్లే లేరు. నిన్న వెళ్లి చూస్తే ప్రాణం ఉసూరుమంది. పైన చెట్టు ఉంది కదా, ఆకులన్నీ స్ప్రింగుల మీద కప్పే మెత్తటి ప్యాడ్ కింద, స్ప్రింగుల మధ్యలో ఇరుక్కుని కుళ్లి నల్లటి ముద్దలా అయిపోయాయి. మ్యాట్ మీద ఒక పక్క పచ్చగా నాచు, కాలు పెడితే జారుతోంది. పిట్టల రెట్టలు సరేసరి. స్ప్రింగులు కొన్ని గోధుమ రంగులోకి వచ్చాయి, పైగా ఎక్కితే కిర్రు కిర్రుమని ఒకటే చప్పుడు.

పక్కింటాయన కారు కడిగే ప్రెషర్ వాషర్ ఇస్తా, పది నిమిషాల్లో కొత్తదానిలా అవుతుంది అంటున్నారు. బ్లీచింగ్ వేస్తే నాచు మళ్లీ రాదని ఇంకొకరు చెప్పారు. నాకేమో రెండూ భయంగానే ఉన్నాయి. సెలవులొచ్చేలోపు పిల్లల్ని ఎక్కించాలని ఉంది, చిన్నదానికి ఏడేళ్లు, పెద్దోడికి పది. ఎవరైనా చేసి చూసినవాళ్లు ఉంటే కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

ముగ్గురు_పిల్లల_అమ్మ:

ముందు ప్రెషర్ వాషర్ వద్దని చెప్పేయండి అండి, బ్లీచింగూ వద్దు. మ్యాట్ అనేది పాలీప్రొపిలీన్ దారాలతో నేసిన గుడ్డ, దాని చుట్టూ బెల్టు మీద వరసలు వరసలుగా కుట్లు ఉంటాయి, ఆ కుట్లే మొత్తం బరువు మోసేవి. ప్రెషర్ వాషర్ నీళ్లు దగ్గర నుంచి కొడితే దారం పోగులు లేచిపోతాయి. ఆ రోజుకి తళతళలాడుతుంది కానీ కుట్టు వదులైపోతుంది. బ్లీచింగ్ కూడా అంతే, నాచుతో పాటు కుట్టు దారాన్ని కూడా తినేస్తుంది.

నేను ఏడాదికి రెండుసార్లు కడుగుతా, వానలకి ముందోసారి తర్వాతోసారి. ఎలా చేస్తానో చెప్తా. ముందు ప్యాడ్ ముడులు విప్పి మొత్తం తీసి పక్కన పెడతా, చాలామంది ఇది తీయకుండా పైపైన కడిగేస్తారు, అసలు చెత్తంతా దాని కిందే ఉంటుంది. తర్వాత మెత్తటి చీపురుతో నీళ్లు లేకుండా పొడిగా ఊడ్చాలి, మధ్య నుంచి అంచుకి. కుళ్లిన ఆకు ముద్దలు గ్లోవ్స్ వేసుకుని చేత్తో తీయాల్సిందే, వాటి మీద నీళ్లు కొడితే ముద్ద స్ప్రింగు కొక్కేల్లోకి దూరిపోతుంది, తర్వాత తడి అక్కడే నిలిచి తుప్పు పడుతుంది.

ఊడ్చాక బకెట్ గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు స్పూన్లు, అంతే, ఎక్కువ వేస్తే నురగ పోక చస్తాం. మెత్తటి కుచ్చు బ్రష్‌తో గుండ్రంగా రుద్దండి, ఇనుప పీచు మాత్రం మ్యాట్‌కి అస్సలు తగలకూడదు. రెట్టలు ఎండిపోయి ఉంటే గోకొద్దు, తడిగుడ్డ ఒక పావుగంట వేసి ఉంచితే నానిపోయి తుడిస్తే వచ్చేస్తాయి, అప్పుడు ముక్కుకి ఏదైనా కట్టుకోండి, ఎండిన రెట్ట దుమ్ము పీల్చకూడదు. తర్వాత మామూలు పైపుతో పై నుంచి, కింద నుంచి కూడా కడగండి. కింది వైపు సంగతి అందరూ మర్చిపోతారు, నాచు సగం అక్కడే ఉంటుంది, నీడ కదా.

నాచు సబ్బుతో పోకపోతే తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి స్ప్రే చేసి పావుగంట ఆగి రుద్దండి. ఒక్కమాట, ఇంతకుముందే ఎవరైనా బ్లీచింగ్ వేసి ఉంటే దాని మీద వెనిగర్ వేయొద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, చాలా ప్రమాదం.

పూర్తిగా ఆరేదాకా పిల్లల్ని ఎక్కనివ్వొద్దు. పైన ఆరినట్టే కనిపిస్తుంది, కింద చెయ్యి పెట్టి చూస్తే తడి ఉంటుంది, తడి మ్యాట్ మీద కాలు జారితే మడమ మెలిపడుతుంది. మా రెండోవాడికి అలాగే అయి రెండు వారాలు కుంటాడు, అప్పటి నుంచి నేను ఈ విషయంలో చాలా గట్టిగా ఉంటున్నా.

వెల్డింగ్_పనివాణ్ణి:

అక్క చెప్పింది అంతా కరెక్టే, ఒక్క వెనిగర్ దగ్గర నాది చిన్న సవరణ. స్ప్రింగులు, ఫ్రేమ్ మీద ఉండేది జింక్ పూత, దాన్నే గాల్వనైజ్డ్ అంటాం. వెనిగర్ యాసిడ్ కదా, జింక్‌ని కరిగిస్తుంది. పూత పోతే కింద ఇనుముకి కాపలా ఉండదు. కాబట్టి వెనిగర్ మ్యాట్ మధ్యలో గుడ్డతో రాయండి, అంచుల్లో స్ప్రే కొట్టొద్దు, పడినా వెంటనే నీళ్లతో బాగా కడిగేయండి.

ఇక తుప్పు. ముందు ఏ రకమో చూడాలి అన్నా. తెల్లటి పొడిలా ఉంటే భయపడక్కర్లేదు, అది జింక్ తుప్పే, తడి నిలిస్తే వస్తుంది, నైలాన్ బ్రష్‌తో పొడిగా రుద్దితే పోతుంది. గోధుమ రంగు వచ్చి వేలితో రాస్తే వేలికి అంటితే అది ఇనుముదాకా వెళ్లినట్టు. అదీ పైపైనే ఉంటే వైర్ బ్రష్, ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, జింక్ ఎక్కువ ఉన్న కోల్డ్ గాల్వనైజింగ్ పెయింట్ రెండు పూతలు వేస్తే చాలు. మామూలు రంగు వేస్తే కిందే తుప్పు పాకుతుంది, పైకి కనిపించదు.

కానీ అసలు చూడాల్సింది పైపుల లోపల. ఫ్రేమ్ ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉంటాయి చూడండి, ఆ జాయింట్లలోకి వాన నీళ్లు దిగి లోపలే ఉండిపోతాయి, బయట పూత బాగానే కనిపిస్తుంది, లోపల తినేస్తుంది. ఒక చిన్న సుత్తితో ఫ్రేమ్ మొత్తం మెల్లగా తట్టుకుంటూ రండి. గట్టి పైపు టంగుమంటుంది, తినేసిన చోట డబ్ డబ్‌మని చచ్చిన చప్పుడు వస్తుంది. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. దిగిపోయినా, సొట్ట పడినా ఆ ముక్క మార్చాల్సిందే. కాళ్ల వెల్డింగు చుట్టూ, నేలకి ఆనే చోట ఇంకా జాగ్రత్తగా చూడండి.

కొంతమంది అతుకు వేయించేద్దాం అంటారు. నా పనే అది, అయినా వద్దనే చెప్తా. జింక్ పూత మీద వెల్డ్ చేస్తే వచ్చే పొగ పీలిస్తే చేసేవాడికి చలిజ్వరం వస్తుంది, నాకు నేర్చుకునే రోజుల్లో వచ్చింది. పోనీ చేసినా పక్కన ఉన్నది పల్చబడిన రేకే, అతుకు పక్కనుంచి విరుగుతుంది. పిల్లలు ఎగిరే వస్తువు అది, ముక్క మార్చేయడమే మంచిది.

పెరటి_గట్టు:

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. నిన్న పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఇదే పని. సబ్బునీళ్లతోనే తొంభై శాతం పోయింది, ఒక్క మూల వెనిగర్ గుడ్డతో రాశా, స్ప్రింగులకి తగలకుండా. సుత్తితో తట్టి చూశా, ఫ్రేమ్ అంతా టంగుమనే అంటోంది, ఒక కాలు అడుగున మాత్రం గోధుమ రంగు ఉంది, స్క్రూడ్రైవర్ దిగలేదు, రుద్ది పెయింట్ వేస్తా.

కానీ కడిగాక వేరే సంగతి బయటపడింది. మ్యాట్ అంచున ముక్కోణం రింగులు ఉంటాయి కదా, పడమటి వైపు ఒక పది పన్నెండు రింగుల దగ్గర కుట్లు తెల్లబడి నూగులా లేచి ఉన్నాయి. ఒక రింగు దగ్గర అయితే బెల్టు కొంచెం పైకి లేచింది. ఇన్నాళ్లూ మురికి కింద కనిపించలేదు. మిగతా చుట్టూ నల్లగా బాగానే ఉంది. చెప్పులు కుట్టే దారంతో నేనే కుట్టుకోవచ్చా? ఆ కిర్రు చప్పుడు కూడా అలాగే ఉంది, స్ప్రింగులకి మెషిన్ ఆయిల్ కొట్టనా?

పాత_జిమ్నాస్ట్:

కుట్టొద్దు అండి. నేను పదిహేనేళ్లు జిమ్నాస్టిక్స్ నేర్పించాను, ట్రాంపోలిన్ల కుట్లు ఎన్ని చూశానో లెక్కలేదు. మీరు చెప్పింది ఎండ దెబ్బ. మ్యాట్ నల్లగా ఎందుకు ఉంటుందంటే అందులో కార్బన్ బ్లాక్ అనే నల్లపొడి కలుపుతారు, అది ఎండలోని యూవీ కిరణాలని తను తీసుకుని దారాన్ని కాపాడుతుంది. కుట్టు దారం వేరే రకం, చాలాసార్లు అదే ముందు పోతుంది. మీకు పడమటి వైపు చెట్టు నీడ లేదేమో చూడండి, మధ్యాహ్నం ఎండంతా అక్కడే పడుతూ ఉండి ఉంటుంది. ప్యాడ్ ఆ పక్క జారిపోయి ఉన్నా అంతే.

గోటితో ఒక పరీక్ష చేయండి. పాడైన కుట్టు మీద గోరు పెట్టి అటూ ఇటూ నాలుగుసార్లు గట్టిగా గీకండి, తర్వాత బాగున్న వైపు కూడా అలాగే. బాగున్నచోట గోరు జారుతుంది, దారం చెక్కు చెదరదు. పోయినచోట గోటి కింద పొడిలా, పీచులా వస్తుంది, ఇంకొంచెం లాగితే పుటుక్కున తెగుతుంది. పొడి వస్తే పిల్లల్ని ఎక్కించకండి, మ్యాట్ మార్చండి. చేత్తో కుట్టిన కుట్టు ఆ లాగుడుకి నిలబడదు, పైగా ఒక రింగు ఊడితే దాని భారం పక్క రెండిటి మీద పడి వరసగా ఊడిపోతాయి. ఇది నా కళ్లముందు జరిగింది, అబ్బాయి గాల్లో ఉన్నప్పుడు ఒక పక్క మొత్తం విప్పుకుంది, అదృష్టం బాగుండి మధ్యలో పడ్డాడు.

కొత్త మ్యాట్ తెప్పించేటప్పుడు 12 అడుగులు అని చెప్తే సరిపోదు. మూడు కొలతలు కావాలి. ఫ్రేమ్ బయటి అంచు నుంచి బయటి అంచుకి, అడ్డంగా నిలువుగా రెండుసార్లు కొలవండి, పాత ఫ్రేములు కోడిగుడ్డులా సాగి ఉంటాయి. రెండోది రింగులు ఎన్నో లెక్కపెట్టండి, మొదలుపెట్టిన రింగుకి ఒక గుడ్డపీలిక కట్టుకోండి, లేకపోతే తప్పు పోతుంది. మూడోది స్ప్రింగు పొడవు, అది తీసి వదులుగా ఉన్నప్పుడు కొక్కెం చివర నుంచి చివరకి. ఈ మూడిట్లో ఒక్కటి తేడా వచ్చినా మ్యాట్ అయితే వేలాడుతుంది, లేకపోతే ఎక్కదు.

స్ప్రింగులు వరసగా ఒక పక్క నుంచి తీసుకుంటూ పోకండి, మ్యాట్ అవతలి పక్కకి లాగేసి మిగతావి రాక చచ్చిపోతారు. గడియారంలో 12, తర్వాత 6, తర్వాత 3, 9, అలా ఎదురెదురుగా తీయండి, బిగించేటప్పుడూ అదే పద్ధతి. టీ ఆకారంలో కొక్కెం ఉన్న పనిముట్టు దొరుకుతుంది, దాంతోనే లాగండి, చేతులకి గ్లోవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. తీసిన ప్రతి స్ప్రింగునీ నేల మీద పెట్టి చూడండి, చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. మధ్యలో సందు కనిపిస్తే అది సాగిపోయింది, పక్కన పడేయండి.

మెషిన్ ఆయిల్ మాత్రం వద్దు. అది కారి మ్యాట్ మీద పడితే జారుతుంది, దుమ్ము పట్టి జిడ్డు ముద్ద అవుతుంది. ఎలాగూ స్ప్రింగులు తీస్తున్నారు కాబట్టి ఫ్రేమ్ కన్నంలోకి వెళ్లే కొక్కెం వంపు దగ్గర బఠాణీ గింజంత తెల్ల లిథియం గ్రీజు వేలితో రాసి తుడిచేయండి. చప్పుడు అక్కడిదే అయితే ఆగిపోతుంది. ఆగకపోతే ఫ్రేమ్ జాయింట్ల నట్లు, బోల్టులు బిగించి చూడండి.

ముగ్గురు_పిల్లల_అమ్మ:

సార్ చెప్పిన గోటి పరీక్ష నెట్‌కి కూడా చేయండి. నెట్ అందరూ మర్చిపోతారు. రెండు చేతుల్తో పట్టుకుని చిన్న జాగా గట్టిగా లాగండి, చిరిగితే అది ఉన్నా లేనట్టే. ప్యాడ్ లోపల స్పాంజి నీళ్లు తాగి ఉంటే నిలువుగా ఆనించి నీడలో రెండు రోజులు ఆరబెట్టండి, తడితో పెట్టేస్తే దాని కింద స్ప్రింగులకి మళ్లీ అదే కథ. పైన కవర్ కొని కప్పేద్దాం అనుకుంటారేమో, మధ్యలో నీళ్లు పోయే కన్నం ఉన్నదే తీసుకోండి, లేకపోతే చెరువులా నిలిచి మ్యాట్ సాగుతుంది, కింద బూజు పడుతుంది.

ఇంకోటి, ఒక్కొక్కరే ఎగరాలి అని ఇప్పుడే అలవాటు చేయండి. దెబ్బల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఒకేసారి ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పుడే తగులుతున్నాయని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లోనే చెప్పింది, చిన్నవాళ్లకే ఎక్కువ తగులుతాయట. మీ ఇద్దరికీ మూడేళ్ల తేడా కదా, అందుకే చెప్తున్నా.

పెరటి_గట్టు:

గోటి పరీక్ష చేశా. పడమటి వైపు గోటి కింద బూడిదలాంటి పొడి వచ్చింది, ఒక పోగు చేతికే వచ్చేసింది. తూర్పు వైపు ఏమీ కాలేదు. మీరన్నట్టే చెట్టు నీడ ఇటు పడదు. మ్యాట్ మార్చడమే అని డిసైడ్ అయిపోయాం.

ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం, 72 రింగులు, స్ప్రింగు 7 అంగుళాలు. ఎదురెదురుగా తీస్తే నిజంగా సులువుగానే వచ్చాయి, ఆఖరివి అయితే చేత్తోనే వచ్చేశాయి. తొమ్మిది స్ప్రింగుల్లో సందులు కనిపించాయి, అవి కూడా మ్యాట్‌తో పాటే ఆర్డర్ పెట్టాను. నెట్ గట్టిగానే ఉంది. చిన్నది ఖాళీ ఫ్రేమ్ చూసి ఏడుపు మొహం పెట్టింది, తెగిన దారం చేతిలో పెట్టి చూపించా, అది కూడా గోటితో గీకి చూసి ఇంకేం అడగలేదు. ఈసారి కొత్తది బిగించేటప్పుడు ఫ్రేమ్‌ని చెట్టు కింద నుంచి పది అడుగులు ఇవతలకి జరపాలా, ఆకులు పడవు కానీ ఎండ ఎక్కువ అవుతుంది, దేనికి ఓటేస్తారు?

పాత_జిమ్నాస్ట్:

జరపండి. పైన కొమ్మలు ఉన్నచోట ఎగరడమే మంచిది కాదు, తలకి తగులుతాయి, చుట్టూ కూడా గోడ, కంచె లేని జాగా ఉండాలి. ఎండకి ప్యాడ్ సరిగ్గా కట్టి ఉంచి, వాడనప్పుడు కన్నం ఉన్న కవర్ కప్పండి. ఏడాదికోసారి ఫ్రేమ్‌ని పావు వంతు తిప్పితే ఎండ ఒకే వైపు కుట్ల మీద పడదు.