బరువు తగ్గేటప్పుడు ఏ చీజ్ తినాలి: కొవ్వు తీసినది గిన్నెడా, అసలుది అగ్గిపెట్టెడంతా?

నెకర్ ఒడ్డున:
అందరికీ నమస్కారం. మాది తణుకు, ఉద్యోగం జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో. నాలుగు నెలల్లో 7 కిలోలు తగ్గాను, ఇంకో 5 తగ్గాలి. ఇక్కడ ఎవరు బరువు గురించి అడిగినా మొదట వచ్చే సలహా "చీజ్ మానెయ్యి" అనే. నేను మానలేదు, రకం మార్చాను. తప్పో ఒప్పో మీరే చెప్పండి.

నిజానికి మొదట్లో నేనూ మానేశాను, లేబుల్ సరిగ్గా అర్థంకాక. ఇక్కడ గౌడా చీజ్ ప్యాకెట్ మీద కొవ్వు 48% అని ఉంటుంది. అమ్మో, సగం కొవ్వే అనుకుని తిరిగి అరలో పెట్టేసేవాణ్ణి. పక్కన పలుకులు పలుకులుగా ఉండే కాటేజ్ చీజ్ డబ్బా మీద 20% అని ఉండేది. అదీ ముట్టుకోలేదు. ఒకరోజు ఎందుకో డబ్బా తిప్పి వెనక పట్టిక చదివితే 100 గ్రాములకు కొవ్వు 4 గ్రాముల చిల్లర ఉంది! ముందువైపు వేసే శాతం, చీజ్‌లో నీళ్ళన్నీ తీసేస్తే మిగిలే ఘనపదార్థంలో ఎంత కొవ్వో చెప్పే లెక్క. కాటేజ్ చీజ్‌లో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి 20 అన్నది 4కి దిగింది. గౌడాలో నీళ్ళు తక్కువ, అందుకని 48 అన్నది 30 దగ్గర ఆగింది.

అప్పటినుంచి ముందువైపు చూడటం మానేసి, 100 క్యాలరీలకు ఎంత ప్రొటీన్ వస్తుందో ఒక్కటే చూస్తున్నాను. గౌడా, చెడ్డార్‌లలో 6, 7 గ్రాములు. కాటేజ్ చీజ్‌లో 12, 13. వెన్న తీసిన పాలతో చేసే మాగర్ క్వార్క్ అని ఇక్కడ అరకిలో డబ్బాల్లో చవగ్గా దొరుకుతుంది, అందులో దాదాపు 18. క్రీమ్ చీజ్‌లో 2 కూడా ఉండదు. దాన్ని చీజ్ అనడంకన్నా బ్రెడ్ మీద రాసుకునే మీగడ అనడం న్యాయం.

నా వాదన ఇది. బరువు తగ్గేవాళ్ళు పాత అలవాటు చీజ్‌ని కొంచెం కొంచెం తింటూ నోరు కట్టుకోవడంకన్నా, కొవ్వు తక్కువ ఉన్న రకాన్ని గిన్నెడు తిని ఆకలి తీర్చుకోవడం మేలు.

కూకట్‌పల్లి వంటిల్లు:
తమ్ముడూ, లెక్క బాగుంది కానీ నోటికి లెక్కలు తెలియవు. నేను రెండేళ్ళు "లో ఫ్యాట్" అని రాసి ఉన్నవే కొన్నాను. ఆ చీజ్ పెనం మీద కరగదు, సాగదు కూడా, రబ్బరు ముక్కలా బిగుసుకుపోతుంది. తిన్నట్టే ఉండదు. తిన్నట్టు లేదు కాబట్టి ఇంకో స్లైస్, ఆపైన రాత్రి పదింటికి గుప్పెడు మిక్చర్.

ఇప్పుడు నేను చేసేది చెప్తా. ఇటలీ పర్మేజాన్ లాంటి బాగా ముదిరిన గట్టి చీజ్ చిన్న ముక్క కొంటాను. ఖరీదు ఎక్కువే. అల్లం తురిమే సన్నచిల్లుల తురుముపీట మీద 10 గ్రాములు తురిమితే దూదిలా పొంగి చిన్న గిన్నె నిండుతుంది. వేడి వేడి పెసరట్టు మీద చల్లితే అట్టు అంచుదాకా పరుచుకుంటుంది, వాసనకే సగం ఆకలి తీరుతుంది. మొత్తం 40 క్యాలరీలు. అదే 10 గ్రాములు ముక్కగా నోట్లో వేసుకుంటే రెండు నమళ్ళలో అయిపోతుంది. ఘాటైన రుచి ఉన్న చీజ్‌ని తురిమి వాడటమే అసలు కిటుకు. కొవ్వు తీసేసిన చప్పిడిది గిన్నెడు తినమంటే ఎన్నాళ్ళు తింటారండీ?

మజ్జిగ చాలు:
నాకు అర్థంకాని విషయం ఒక్కటే. మన ఇళ్ళలో పెరుగు ఉంది. జర్మనీ డబ్బా, ఇటలీ ముక్క మనకెందుకు? మా నాయనమ్మ చీజ్ మొహం చూడకుండా ఎనభై ఐదేళ్ళు బతికింది. పెరుగు తినండి, బరువు అదే తగ్గుతుంది.

నెకర్ ఒడ్డున:
పెరుగు మీద నాకు ఏ గొడవా లేదండీ, రోజూ తింటాను. కానీ 100 గ్రాముల మామూలు పెరుగులో ప్రొటీన్ 3 గ్రాములకు కాస్త ఎక్కువ. అదే బరువు క్వార్క్‌లో 12. చెప్పాలంటే క్వార్క్ మనకు పరాయిదేం కాదు. పెరుగుని పల్చటి గుడ్డలో మూటగట్టి రాత్రంతా వేలాడదీస్తే వచ్చేదానికి దగ్గరి చుట్టమే. డబుల్ టోన్డ్ పాలతో పెరుగు తోడుపెట్టి, అలా తేట దింపి తింటే మీ మాటా నా మాటా కలుస్తాయి.

అక్కా, తురుము సంగతి నాకు తట్టలేదు, ఈ వారమే చేసి చూస్తాను. కానీ 10 గ్రాముల పర్మేజాన్‌లో ప్రొటీన్ మూడున్నర గ్రాములే. రుచికి సరే, ఆకలి మాటేమిటి? నాకు సాయంత్రం ఐదింటికి ఆఫీసులో చేతులు వణికేంత ఆకలి వేసేది. అప్పుడు 200 గ్రాముల కాటేజ్ చీజ్‌లో దోసకాయ ముక్కలు, మిరియాల పొడి, కొంచెం నిమ్మరసం కలుపుకుని తింటాను. రెండు వందల క్యాలరీలు దాటవు, ప్రొటీన్ 24, 25 గ్రాములు. రాత్రి ఎనిమిదిదాకా వంటింటి వైపు చూడను.

డాలస్ నాన్న:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. ఎంత తింటున్నామో చేతికి తెలియదు. బ్లాక్ చీజ్ కొంటే లేబుల్ మీద ఒక సర్వింగ్ అని రాసే 28 గ్రాములు మా ఇంట్లో ఎవరూ కోయరు. నేను ఒకసారి ఎప్పటిలాగే నాకు తోచినంత చెడ్డార్ కోసి వంటింటి త్రాసు మీద పెట్టాను. 61 గ్రాములు! అంటే 240 క్యాలరీలకు పైనే. దాన్ని ఇన్నాళ్ళూ "చిన్న ముక్క" అనుకున్నాను. 30 గ్రాములంటే సుమారుగా అగ్గిపెట్టె అంత.

అందుకే ఇప్పుడు విడివిడిగా చుట్టిన స్ట్రింగ్ చీజ్ కడ్డీలు కొంటున్నాను. కొంత వెన్న తీసిన పాలతో చేసిన మొజరెల్లా అది. ఒక కడ్డీ 28 గ్రాములు, 80 క్యాలరీలు, 6, 7 గ్రాముల ప్రొటీన్. కడ్డీ అయిపోయిందంటే అయిపోయినట్టే. పైగా పూర్తిగా కొవ్వు తీసేసినది కాదు కాబట్టి కరుగుతుంది, పిల్లలూ తింటారు. అక్కయ్యగారికి నచ్చని రబ్బరు బాధ ఇందులో లేదు.

రిటైర్డ్ మాస్టారు:
బాబూ, అందరూ కొవ్వు గురించే మాట్లాడుతున్నారు. ఉప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు బీపీ ఉంది, బరువూ తగ్గమన్నారు. పేపర్లో "జున్ను మానండి" అని చదివి, జున్ను ఎప్పుడో ఏడాదికోసారి ఈనిన గేదె ముర్రుపాలతో కదా చేసుకుంటాం, దానికీ బీపీకీ ఏం సంబంధం అనుకున్నాను. చీజ్‌కి అలా తెలుగు పెడుతున్నారని మనవరాలు చెప్పింది. దయచేసి రాసేవాళ్ళు చీజ్‌ని చీజ్ అనే రాయండి, మా వయసువాళ్ళకు మేలు చేసినవారవుతారు.

ఇక విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే సోడియం 2000 మిల్లీగ్రాములు. ఉప్పునీళ్ళలో ఊరే ఫెటా చీజ్ 100 గ్రాముల్లోనే అందులో సగం దాకా వస్తుంది. ప్రాసెస్డ్ చీజ్ స్లైసుల్లో మామూలు ఉప్పుతో పాటు, చీజ్ నున్నగా కరగడానికి వేసే సోడియం లవణాలు కూడా ఉంటాయి. ఆవకాయ, అప్పడం, పచ్చడి ఉన్న మన భోజనంలో ఉప్పుకి ఖాళీ ఎక్కడుంది? ఇంట్లో ఉప్పు వేయకుండా చేసుకునే పనీర్ ఒక్కటే నాకు సరిపడింది. స్విస్ చీజ్‌లోనూ ఉప్పు తక్కువ. ఒక పూట ఉప్పు ఎక్కువైతే మర్నాడు త్రాసు మీద కిలో పెరిగినట్టు కనిపిస్తుంది. అది ఒంట్లో నిలిచిన నీరు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఆ అంకె చూసి టెన్షన్ పడి అన్నీ వదిలేస్తారు.

కూకట్‌పల్లి వంటిల్లు:
మాస్టారు గారూ, పనీర్ మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. పనీర్ అంటే డైట్ ఫుడ్ అని మా అపార్ట్‌మెంట్‌లో అందరి నమ్మకం. మా వారు అన్నం మానేసి రాత్రికి 200 గ్రాముల ప్యాకెట్ మొత్తం బటర్ మసాలా చేయించుకుని తింటున్నారు. రెండు నెలలైంది, అరకిలో కూడా తగ్గలేదు.

పాలకేంద్రం:
నేను గుంటూరు జిల్లాలో ఒక డెయిరీలో పని చేస్తాను, పనీర్ తయారీ నా రోజువారీ పని. అమ్మా, మీ వారి పనీర్ సంగతి చెప్తాను.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార ప్రమాణాలు నిర్ణయించే కేంద్ర సంస్థ) నిబంధన ప్రకారం మామూలు పనీర్‌లో తేమ 60% మించకూడదు, ఘనపదార్థంలో కనీసం 50% పాలకొవ్వు ఉండాలి. స్టుట్‌గార్ట్ తమ్ముడు చెప్పిన లెక్కే ఇది. 100 గ్రాముల్లో 60 నీళ్ళు పోతే 40, అందులో సగం 20. అంటే బాగా తడిగా ఉన్న పనీర్‌లోనే 20 గ్రాముల కొవ్వు, గట్టిగా ఉంటే ఇంకా ఎక్కువ. మీ 200 గ్రాముల ప్యాకెట్ అంటే తక్కువలో తక్కువ 500 క్యాలరీలు. జీడిపప్పు ముద్ద, వెన్న, క్రీమ్ లెక్కలోకి ఇంకా రాలేదు. మానేసిన అన్నం కంటే పెట్టుకున్న కూర బరువైంది.

ఇంట్లో చేసుకుంటే చాలా మారుతుంది. లీటరు ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 60 గ్రాములు, టోన్డ్‌లో 30, డబుల్ టోన్డ్‌లో 15. పాలు విరిచినప్పుడు కొవ్వు దాదాపు అంతా విరిగిన ముద్దలోకే వస్తుంది. ప్రొటీన్ మాత్రం మూడింటిలోనూ లీటరుకు 30 గ్రాములకు అటూ ఇటూగానే ఉంటుంది. ఫుల్ క్రీమ్ నుంచి డబుల్ టోన్డ్‌కి మారితే లీటరుకు 400 క్యాలరీలు తగ్గుతాయి, ప్రొటీన్ పెద్దగా పోదు.

బజారులో విడిగా అమ్మే పనీర్ చవగ్గా వస్తోందని కొనకండి. పాలకొవ్వు బదులు వేరే నూనె కలిపి చేసేది ఉంటుంది, దాన్ని పనీర్ అని అమ్మడం తప్పు, "అనలాగ్" అని చెప్పి అమ్మాలి. విడిగా కొనేటప్పుడు చదవడానికి లేబులే ఉండదు.

కూకట్‌పల్లి వంటిల్లు:
డబుల్ టోన్డ్‌తో నిన్న చేశాను. రబ్బరు ముక్కల్లా వచ్చాయి, పళ్ళ కింద కీచుమన్నాయి. నేను మొదట్లో చెప్పిన బాధే మళ్ళీ. ఏం తప్పు చేశాను?

పాలకేంద్రం:
మసులుతున్న పాలలోనే నిమ్మరసం పోసి ఉంటారు. మసిలాక స్టవ్ ఆపి, ఐదారు నిమిషాలు ఆగి, వేడి కాస్త తగ్గాక పోయండి. ఒకేసారి కాదు, నీళ్ళలో కలిపిన నిమ్మరసం చెంచా చెంచా. తేట లేత ఆకుపచ్చగా తేరగానే ఆపెయ్యాలి, ఇంకా పోస్తే విరిగిన ముద్ద గట్టిపడుతుంది. గుడ్డలో కట్టాక రుబ్బురోలు పొత్రం లాంటి బరువు పెట్టొద్దు, కొవ్వు తక్కువున్నదానికి చిన్న గిన్నెడు నీళ్ళ బరువు పావుగంట చాలు. ఆ తేట పారబొయ్యకండి, చపాతీ పిండి కలపండి.

మొదటిసారికి అర లీటరు టోన్డ్, అర లీటరు డబుల్ టోన్డ్ కలిపి చెయ్యండి. మెత్తగా వస్తుంది, ఇంట్లోవాళ్ళు తేడా పట్టరు.

నెకర్ ఒడ్డున:
అక్కా, నేను పర్మేజాన్ తురుము కాటేజ్ చీజ్ మీద చల్లుకుని తిన్నాను. ఇన్నాళ్ళూ ఆకలికి మాత్రమే తిన్నది మొదటిసారి ఇష్టంగా తిన్నాను. గిన్నెడు తినాలన్న మాట నేను వెనక్కి తీసుకోను కానీ, పైన ఆ 5 గ్రాములు ఉండాల్సిందే.

కూకట్‌పల్లి వంటిల్లు:
సగం సగం పాలతో పొద్దున్న చేశాను. 170 గ్రాములు వచ్చింది, మెత్తగా ఉంది. సగం తీసి ఉల్లికాడలు, పచ్చిమిర్చి, చెంచా నూనెతో బుర్జీలా వేయించి పెట్టాను. మా వారు ఇంకో రెండు చెంచాలు వడ్డించమన్నారు, బటర్ మసాలా అడగలేదు. మిగతా సగం ఫ్రిజ్‌లో నీళ్ళలో వేసి ఉంచాను. పాలకేంద్రం గారూ, అలా ఎన్ని రోజులు ఉంచొచ్చు?

పాలకేంద్రం:
రోజూ నీళ్ళు మారుస్తూ రెండు రోజులు, మహా అయితే మూడు. జిగురుగా తగిలినా పుల్లటి వాసన వచ్చినా తినకండి.