పై ఫ్లోర్ వైఫైకి పాస్‌వర్డ్ లేదు, వాడుకోవచ్చా? (స్టుట్‌గార్ట్, జర్మనీ)

అరండల్‌పేట కుర్రాడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. గుంటూరు నుంచి వచ్చి వారమైంది. నెట్ పెట్టడానికి మనిషి వచ్చేది ఇంకో మూడు వారాలకట. పై ఫ్లోర్‌లో ఎవరిదో వైఫై పాస్‌వర్డ్ లేకుండా తగులుతోంది. అమ్మతో వీడియో కాల్ వరకు వాడుకుంటే తప్పా?

కొత్తపేట:
ముందు అన్‌మెల్డుంగ్, అదే ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు, చేయించావా? ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు చేయించాలి. అది కాకపోతే ట్యాక్స్ నంబర్ దగ్గరే ఆగిపోతావు. నెట్‌కి 24 నెలల కాంట్రాక్ట్ మీద తొందరపడి సంతకం పెట్టకు.

పటమట అక్క:
తమ్ముడూ, నా కథ విను. 2012లో నేనూ పక్కింటి నెట్టే వాడాను. నావి మెయిల్స్ వరకే. రూమ్మేట్ మాత్రం నాకు చెప్పకుండా టొరెంట్‌లో పైరసీ సినిమా దించింది. రెండు నెలలకి పక్కింటి తాతగారికి లాయర్ ఉత్తరం, ఖర్చుల కింద 800 యూరోలు కట్టమని. పాపం, ఆయన ఆ కాగితాలు పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని "టొరెంట్ అంటే ఏంటమ్మా?" అని నన్నే అడిగారు. నాకు నోరు పెగల్లేదు. మూడు రోజులకి నిజం చెప్పి డబ్బు కట్టాం. ఇంటి ఓనర్ ఇంకో గది చూసుకోమన్నాడు. తాతగారు మాత్రం ఒక్క మాట అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

బ్రాడీపేట:
ఇక్కడ పాస్‌వర్డ్ పెట్టకపోతే వైఫై ఓనర్‌దే బాధ్యత. 2010లో ఫెడరల్ కోర్టే చెప్పింది. వాడినవాడికీ తప్పదు, వుప్పర్టాల్ అనే ఊళ్లో 2007లో ఒకతన్ని దోషి అన్నారు.

సత్యనారాయణపురం:
అన్నా, పాత పంచాంగం చదువుతున్నారు. ఆ బాధ్యత చట్టాన్ని 2017లో మార్చేశారు. అదే వుప్పర్టాల్‌లో 2010లో ఇంకో కేసులో పైకోర్టు, ఊరికే నెట్ వాడుకోవడం నేరం కాదంది. ఇంగ్లండ్ వేరు, అక్కడ 2005లో ఒకతనికి 500 పౌండ్ల ఫైన్ పడింది.

బ్రాడీపేట:
నేరం కాకపోతే తప్పు కాదా? ఎండాకాలం మన లాడ్జి సెంటర్‌లో చలివేంద్రం పెడితే అది దారినపోయేవాళ్ల కోసమే. ఇక్కడ వాలంటీర్లు అందరికీ ఉచితంగా పెట్టే ఫ్రైఫుంక్ వైఫై అలాంటిది, హాయిగా వాడుకో. పక్కింటి గేటుకి గొళ్లెం లేదని లోపలికెళ్లి కుళాయి తిప్పుకుంటామా?

సత్యనారాయణపురం:
తిప్పితే నీళ్లు తగ్గుతాయి. అన్‌లిమిటెడ్ ప్లాన్‌లో అమ్మతో పది నిమిషాలు మాట్లాడితే ఎవరి సొమ్ము పోయింది?

పటమట అక్క:
పోయేది డేటా కాదు బాబూ. 2008లో అహ్మదాబాద్ పేలుళ్ల మెయిల్‌ని నవీ ముంబైలో ఒక అమెరికన్ ఇంటి వైఫై మీంచి పంపారు. పోలీసులు ముందు వెళ్లింది ఆయన ఇంటికే.

కొత్తపేట:
అన్‌మెల్డుంగ్ సంగతి ఇంకా చెప్పలేదు.

అరండల్‌పేట కుర్రాడు:
చేయించానన్నా. నిన్న పై ఫ్లోర్ తలుపు కొట్టాను. ఒక బామ్మగారు. వైఫైకి పాస్‌వర్డ్ లేదని ఆవిడకే తెలీదు. ఇద్దరం కూర్చుని పెట్టాం. రౌటర్ అడుగున స్టిక్కర్ చదవడానికి భూతద్దం తెచ్చారు. నాకు మూడు వారాలకి గెస్ట్ వైఫై ఇచ్చారు. మా ఊరేదని అడిగి, దానికి 'గుంటూర్' అని పేరు ఆవిడే పెట్టారు.