డిక్కీ డోర్ నుంచి గుమ్మని మోత, చెవులు దిబ్బడ వేస్తున్నాయి: ఎక్కడ వెతకాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది అయిదేళ్ల నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, నాలుగు సిలిండర్ల ఇంజను, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు నెలల క్రితం ఖమ్మంలో సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి ఒక ట్రాలీ ఆటో గుద్దింది. బంపర్ మార్చారు, డిక్కీ డోర్ కింది అంచుకు టింకరింగ్ చేసి పెయింట్ వేశారు. చూడటానికి కొత్తదానిలా ఉంది. కానీ అప్పటి నుంచి 45–65 వేగంలో, గరుకు రోడ్డు మీదికి రాగానే లోపల గుమ్మ్‌మని ఒకటే మోత. మోత అనడం కంటే ఒత్తిడి అనాలి. ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి చూడండి, అలా. మా అమ్మ వెనక సీట్లో కూర్చుంటే పావుగంటకే "తల దిమ్మెక్కుతోందిరా, అద్దం దించు" అంటోంది. అద్దం రెండు వేళ్లంత దించితే నిజంగానే తగ్గుతోంది.

పని చేసిన షాపువాళ్లు రెండుసార్లు తిప్పి చూసి టైర్ల మోత అన్నారు. ఇంకో చోట డిక్కీ డోర్ లోపల డ్యాంపింగ్ షీట్ (రేకు అదురు తగ్గించే పట్టీ) వేయించమన్నారు, ఎనిమిది వేలు అవుతుందట. పెట్టడానికి సిద్ధమే. కానీ పెట్టాక కూడా మోగితే? నెలకు నాలుగుసార్లు అమ్మను హైదరాబాద్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అదే నా టెన్షన్. ఎవరైనా దారి చెప్పగలరా?

జవాబు

ముందు టైర్లలో గాలి చూడండి. డ్రైవర్ డోర్ దగ్గరున్న స్టిక్కర్ మీద రాసినంతే ఉండాలి. మైలేజీ కోసమని నాలుగైదు పాయింట్లు ఎక్కువ కొట్టిస్తే గరుకు రోడ్డు మీద మోత పెరుగుతుంది. తర్వాత వీల్ బేరింగ్. బేరింగ్ మోత వేగంతో పాటు పెరుగుతూ పోతుంది, కారును కొంచెం ఎడమకో కుడికో వంచితే మారుతుంది.

అడిగినవారు

గాలి 33 ఉండాల్సింది 36 ఉంది అండీ, తగ్గించాను. మోతలో పెద్దగా తేడా లేదు. వంపుల్లోనూ మారడం లేదు. 80 దాటితే ఇంచుమించు పోతోంది. నున్నటి తారు మీద అసలు లేదు.

జవాబు

తమ్ముడూ, షీట్‌కి డబ్బు కట్టకు, ఒక్క ఆదివారం ఆగు. నేను విజయవాడ ఆటోనగర్‌లో 18 ఏళ్లు బాడీ ఫిట్టింగ్ పని చేశాను. వెనక గుద్దడం, గరుకు రోడ్డు, చెవుల మీద ఒత్తిడి, అద్దం దించితే తగ్గడం. ఈ నాలుగు మాటలు వింటే నేను తిన్నగా డిక్కీ డోర్ దగ్గరికే వెళ్తాను.

ఎందుకంటే, సెడాన్‌లో డిక్కీకీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్య సీటు వెనక గోడలాంటి అడ్డు ఉంటుంది. హ్యాచ్‌బ్యాక్‌లో అది లేదు. లోపలంతా ఒకే పెట్టె, ఆ పెట్టెకు మూత నీ డిక్కీ డోర్. పైన రెండు కీళ్ల మీద వేలాడుతుంది, కింద మధ్యలో ఒక లాక్, రెండు పక్కలా డోర్ ఆనుకునే రెండు రబ్బరు స్టాపర్లు, చుట్టూ బీడింగ్, అంటే అంచు రబ్బరు పట్టీ. వీటన్నిటి మధ్యా బిగువుగా కూర్చోవాలి. స్టాపర్లు అందకపోతే బరువంతా లాక్ మీద పడుతుంది, రోడ్డు అదిరినప్పుడల్లా డోర్ లోపలికీ బయటికీ ఊగుతుంది. కంటికి కనపడనంత ఊగినా చాలు, అంత పెద్ద పలక లోపలి గాలినంతా తోస్తుంది. అది సెకనుకు ముప్ఫై నుంచి యాభై సార్లు జరిగితే చెవికి శబ్దంలా వినపడదు, ఒత్తిడిలా తెలుస్తుంది. అద్దం దించితే ఆ ఒత్తిడి బయటికి పోతుంది, అందుకే అమ్మగారికి హాయిగా ఉంటోంది.

డప్పు కాచడం చూసే ఉంటావు. తోలు వదులుగా ఉంటే మొద్దుగా దబదబమంటుంది, మంట దగ్గర కాచి బిగువెక్కించాక ఖంగున మోగుతుంది. డిక్కీ డోర్‌దీ అదే లెక్క. బిగువు పెరిగితే అది ఊగే తీరు మారి, కారు లోపలి గాలితో కలిసి మోగే చోటు నుంచి తప్పుకుంటుంది. డ్యాంపింగ్ షీట్ ఏం చేస్తుందంటే రేకు గణగణలాడకుండా పట్టుకుంటుంది. వాన చినుకుల చప్పుడు, డోర్ వేసినప్పటి డొల్ల చప్పుడు తగ్గుతాయి. డోర్ మొత్తంగా ఊగడాన్ని మాత్రం అది ఆపలేదు. పైగా బరువు పెరిగి, పాతబడ్డ గ్యాస్ షాకర్లయితే డోర్‌ను పైన నిలపలేవు. షీట్ చెడ్డదని కాదు, నీ జబ్బుకు మందు అది కాదు.

ఇక పని. మొదట డిక్కీ ఖాళీ చెయ్యి. స్టెప్నీ బోల్టు బిగించి చూడు, జాకీ, పానాలు గుడ్డలో చుట్టు, పార్సిల్ ట్రే తీసి ఇంట్లో పెట్టు. ఈ ఒక్క పనితోనే బాగైన బండ్లు ఉన్నాయి.

తర్వాత ఇంజను పాత్ర ఉందో లేదో తేల్చు. ఖాళీ రోడ్డు మీద, వెనక బండ్లు లేనప్పుడు, 60లో మోగుతుండగా క్లచ్ తొక్కి నాలుగైదు సెకన్లు వదిలెయ్యి. ఇంజను మాత్రం ఆపకు, స్టీరింగ్, బ్రేకు బరువెక్కిపోతాయి. మోత అలాగే ఉంటే అది రోడ్డు నుంచి వస్తోంది. ఆగిపోతే ఇంజనో, సైలెన్సర్ గొట్టమో. నాలుగు సిలిండర్ల ఇంజనులో 1500 ఆర్పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) మీద ఇంధనం సెకనుకు 50 సార్లు పేలుతుంది, అంటే సరిగ్గా ఈ మోత ఉండే చోటే. కాబట్టి నిలబెట్టిన బండిలో కూడా మెల్లగా 1000 నుంచి 2500 దాకా రేజ్ చేసి విను. ఎక్కడైనా గుమ్మంటే సైలెన్సర్‌ను పట్టి ఉంచే రబ్బర్లు చూడాలి. వెనక గుద్దిన బండి కదా, గొట్టం బంపర్ బ్రాకెట్‌కు తగులుతూ ఉండొచ్చు. అది చల్లారాకే చెయ్యి పెట్టు.

మోత రోడ్డుదే అని తేలితే డిక్కీ డోర్ మూసి, కింది మూలల దగ్గర ఒక్కో అరచేత్తో నొక్కు. రెండు వైపులా ఒకేలా రాయిలా ఉండాలి. ఏ మూలైనా లోపలికి దిగి మళ్లీ వస్తుంటే దొంగ అక్కడే ఉన్నట్టు.

దాన్ని కొలవడానికి పిల్లలు ఆడుకునే రంగు మట్టి కావాలి. రెండు స్టాపర్ల తల మీదా శనగగింజంత ఉండ పెట్టి, పైన పాలిథిన్ ముక్క వేసి, డోర్ ఎప్పుడూ వేసినట్టే వేసి తియ్యి. మట్టి కాగితంలా పలచబడిందంటే ఆ స్టాపర్ పని చేస్తోంది. మందంగా మిగిలితే అంత ఖాళీ ఉన్నట్టు. తర్వాత బీడింగ్ తుడిచి, దాని అంచు పొడవునా ముఖానికి రాసుకునే పౌడర్ అద్ది డోర్ వేసి తియ్యి. ఎదురుగా రేకు మీద తెల్ల గీత ఎక్కడా తెగకుండా పడాలి.

ఇవన్నీ చేసి ఫలితం రాయి, అప్పుడు తిప్పాల్సింది తిప్పుదాం. ఒక్క మాట మర్చిపోకు: బండి నడుస్తుండగా చెవి పెట్టి వింటానని ఎవరినీ డిక్కీలో కూర్చోబెట్టొద్దు. వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని వింటే చాలు. తలను కొంచెం ముందుకు, వెనక్కి జరిపితే మోత పెరగడం తగ్గడం తెలుస్తుంది. అలా మారుతుంటే లోపలి గాలి మోగుతున్నట్టే.

జవాబు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది మూడు సిలిండర్ల బండి, ఇదే మోత 2000 ఆర్పీఎం దగ్గర, ఎక్కువ గేరులో లాగిస్తే వస్తోంది. నాక్కూడా స్టాపర్లేనా?

జవాబు

కాదమ్మా. మీది రోడ్డుతో సంబంధం లేకుండా ఆర్పీఎంతో వస్తోంది. మూడు సిలిండర్లవి 2000 మీద సెకనుకు 50 సార్లు పేలుతాయి. ఒక గేరు తగ్గించి చూడండి. పోతే, ఇంజను మౌంటింగ్ రబ్బర్లు, సైలెన్సర్ రబ్బర్లు చూపించండి.

అడిగినవారు

అన్నగారూ, ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. క్లచ్ తొక్కినా మోత పోలేదు, నిలబెట్టి రేజ్ చేస్తే ఏమీ లేదు. అంటే రోడ్డుదే. మా బాబు మట్టి డబ్బా అడిగి తీసుకున్నాను. కుడి స్టాపర్ మీద మట్టి ఉల్లిపొరలా అయిపోయింది. ఎడమ స్టాపర్ మీద పెట్టిన ఉండ పెట్టినట్టే ఉంది! పైకొస ఒక్కటి కాస్త చదునైంది. స్కేలు పెట్టి చూస్తే నాలుగు మిల్లీమీటర్లు. ఎడమ స్టాపర్‌ను చేత్తో పట్టుకుంటే తెలిసింది, అది మరలు చివరిదాకా లోపలికి తిరిగిపోయి ఉంది. కుడిది రెండు మరలు బయటికి ఉంది.

పౌడర్ గీత కూడా ఎడమ కింది మూలలో జానెడు మేర తెగిపోయింది. అక్కడ బీడింగ్ కింద ఎండిపోయిన పెయింట్ తునకలు ఉన్నాయి.

జవాబు

దొరికింది. పెయింట్ వేసేటప్పుడు స్టాపర్లు విప్పుతారు, తిరిగి పెట్టేటప్పుడు దొరికినంత లోపలికి తిప్పేస్తారు. మట్టి పెట్టి చూసే ఓపిక అందరికీ ఉండదు.

ఎడమ స్టాపర్‌ను అపసవ్యంగా అర చుట్టు తిప్పు, డోర్ వేసి చూడు, మట్టి పెట్టు. మళ్లీ అర చుట్టు. మట్టి రెండు వైపులా ఒకేలా పలచబడ్డాక, ఇంకో అర చుట్టు తిప్పి ఆపెయ్యి. ఆ చివరి అర చుట్టే బిగువు. డోర్ మామూలు చేతి బలంతో పడాలి. గట్టిగా కొడితేనే పడుతోందంటే ఎక్కువైనట్టు, వెనక్కి తిప్పు. అలాగే వదిలేస్తే లాక్ అరుగుతుంది, డోర్ బాడీకంటే ఎత్తుగా కూర్చుంటుంది. చదివేవాళ్లకు ఒక మాట, మోటారుతో తెరుచుకునే డిక్కీ డోర్లకు ఇది ఇంట్లో చేయకండి, వర్క్‌షాపులో చేయించుకోవాలి.

బీడింగ్‌ను ఆ మూల దగ్గర మెల్లగా లాగితే ఊడి వస్తుంది. కింద రేకు అంచు తడిగుడ్డతో శుభ్రం చేసి, ఆరాక, మళ్లీ వేళ్లతో అదుముతూ ఎక్కించు. సుత్తి వద్దు. పైన సిలికాన్ గ్రీజు పలచగా రాయి. పెట్రోలు, ఇంజనాయిలు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది.

ఆ తెగిన గీత సంగతి మోత కంటే ముఖ్యం. నడిచే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గి, సైలెన్సర్ పొగ డిక్కీ చుట్టూ సుడి తిరుగుతుంది. సందు ఉంటే లోపలికి లాగుతుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన కూడా లేదు. అమ్మగారికి తల దిమ్మ అన్నావు కదా. అది మోత వల్లే కావచ్చు, కానీ నువ్వు ఆ సందు ఇవాళే మూసెయ్. ఆ తర్వాత కూడా దిమ్మ వస్తే డాక్టరుగారికి ఈ సంగతి చెప్పండి.

అడిగినవారు

రెండున్నర చుట్లు పట్టింది. బీడింగ్ తీసి గుప్పెడు పెయింట్ పెచ్చులు ఊడ్చాను. పౌడర్ గీత ఇప్పుడు చుట్టూ తెగకుండా వచ్చింది. బకెట్ నీళ్లు పోసి చూశాను, లోపల చెమ్మ లేదు. సాయంత్రం అమ్మను ఎక్కించుకుని అదే రోడ్డు మీదికి వెళ్లాను. ముప్పావు వంతు పోయింది అన్నగారూ. నేను అడగకముందే అమ్మే "ఏం చేశావురా" అంది. పాడైన రోడ్డు ముక్క ఒకటి ఉంది, దాని మీద మాత్రం 50 దగ్గర సన్నగా గుమ్మంటోంది.

జవాబు

చాలా సంతోషం. మిగిలిన పావు వంతు లాక్ కొక్కెం దగ్గర ఉంటుంది. బాడీ వైపు రెండు బోల్టుల మీద ఉండే ఇనుప కొక్కెం. గుద్దినప్పుడు అది కాస్త జరిగి ఉంటుంది. విప్పే ముందు దాని చుట్టూ మార్కర్‌తో గీత గియ్యి, అది లేకపోతే పాత చోటు మళ్లీ దొరకదు. ఒక మిల్లీమీటరు లోపలికి జరిపి బిగించాలి, అంతకంటే వద్దు. డోర్ వేసే ముందు స్క్రూడ్రైవర్‌తో లాక్‌ను నొక్కి, హ్యాండిల్‌తో విడుదలవుతోందో లేదో చూసుకో. ఇది మెకానిక్ ఎదురుగా ఉండి చేయించినా పది నిమిషాల పనే.

అడిగినవారు

ఇవాళ చేయించాను. ఒక మిల్లీమీటరే. ఆ పాడు రోడ్డు మీద రెండుసార్లు తిప్పాను, లేదు. మెకానిక్ బంపర్ కింద నుంచి చూసి ఇంకొకటి చెప్పాడు. ఎడమ వైపు బాడీకి చదరపు రంధ్రం ఉంది, కుడి వైపు అదే చోట రబ్బరు రెక్కలున్న ప్లాస్టిక్ జాలీ ఉంది. ఎడమది బంపర్ మార్చినప్పుడు పోయినట్టుంది. డిక్కీలో దుమ్ము ఎందుకు వస్తోందో ఇప్పుడు అర్థమైంది. టేపు వేసి మూసేయనా?

జవాబు

శాశ్వతంగా మూసేయొద్దు. డోర్ వేసినప్పుడూ, బ్లోయర్ నడిచినప్పుడూ లోపలి గాలి బయటికి పోయే దారి అది. ఆ రెక్కలు గాలిని బయటికి మాత్రమే వదులుతాయి, దుమ్మునూ పొగనూ లోపలికి రానివ్వవు. మీ మోడల్ పేరు చెప్పి ఎడమ వైపు జాలీ ఒక్కటి ఆర్డర్ పెట్టు, చిన్న పార్టే. అది వచ్చేవరకు ఆ రంధ్రానికి టేపు వేసుకో, కుడి వైపుది పని చేస్తోంది కాబట్టి గాలి పోతుంది. కొత్తది బిగించిన రోజు డిక్కీ పక్క ట్రిమ్ తీసి లోపలి నుంచి కూడా చూడు, దాని చుట్టూ ఉండే ఫోమ్ వాషర్ నలగకుండా కూర్చుందో లేదో.