వరంగల్ మట్టెవాడలో పాత ఇల్లు: కూల్చకుండా కిరాయి పోర్షన్లు చేయొచ్చా?

మట్టెవాడ_వాసి:
అందరికీ నమస్తే. మా తాత కట్టించిన రెండంతస్తుల ఇల్లు ఉంది, రాతి గోడలు, డంగు సున్నం, టేకు దూలాలు, నడుమ పైకప్పు లేని వాకిలి. నాయిన పోయినంక తాళమే వేసి ఉంది. బిల్డర్ కూల్చేసి అపార్ట్‌మెంట్ లేపుదాం అంటున్నాడు. నాకేమో గోడలు అట్లనే ఉంచి ఐదారు పోర్షన్లు చేసి, ఎంజీఎం ఆసుపత్రిలో పనిచేసే నర్సులకో చిన్న కుటుంబాలకో కిరాయికి ఇవ్వాలని ఉంది. సిమెంటు, కరెంటు ఎంత తక్కువ వాడితే అంత మంచిది. మేస్త్రీ మాత్రం గోడలన్నీ చెక్కి సిమెంటు ప్లాస్టరింగ్ చేయాల్సిందే అంటున్నాడు. ఏం చేయమంటారు?

కాజీపేట_సివిల్:
అన్నా, ముందు ఆ ప్లాస్టరింగ్ ఆపించండి. సున్నం గోడ నేలలోని చెమ్మ పీల్చుకున్నా మళ్లీ గాలికి వదిలేస్తుంది, దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోయే దారి లేక లోపలే నిలిచి పెచ్చులు ఊడుతాయి, గోడలో దిగిన దూలాల కొనలు కుళ్లుతాయి. రిపేరు కూడా సున్నంతోనే చేయించండి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి పని చేసే మేస్త్రీని వెతకాల్సి వస్తుంది, వెతకండి. సిమెంటుకు అసలు సరుకు క్లింకర్, అంటే బట్టీలో సున్నపురాయి కాల్చి తీసే గడ్డలు. అది టన్ను తయారైతే 0.8 టన్నుకు పైనే కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, అందులో సగానికి మించి సున్నపురాయి వేడికి విడిపోవడం వల్లే వస్తుంది కాబట్టి బట్టీలో బొగ్గు మానేసినా అది ఆగదు. ఉన్న గోడలు నిలబెడితే ఆ సిమెంటంతా మిగిలినట్టే. పని మొదలుపెట్టే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో దూలాల కొనలు చూపించండి, చెద ఎక్కువగా అక్కడే పడుతుంది. పైన ఇంకో అంతస్తు మాత్రం వద్దే వద్దు.

గిర్మాజీపేట_అక్క:
తమ్ముడూ, కిరాయి ఇండ్లలో కొట్లాటంతా నీళ్లు, బాత్రూంల దగ్గరే. చెక్క దూలాల మీద కొత్త బాత్రూం పెట్టకు, లీకైతే దూలం పోతుంది. వెనక జాగా ఉంటే ఫ్లై యాష్ ఇటుకలతో వేరే కట్టు లేపి, కింద బాత్రూం మీదనే పై బాత్రూం వచ్చేటట్టు చెయ్యి, పైపులు ఒక్క గోడకే ఉంటాయి. వాకిలి మీద రేకులు వేసి ఇంకో గది తీయాలని ఆశ పుడుతుంది, వెయ్యకు, ఎండాకాలం ఇంట్లో వేడి పైకి పోయేది అక్కడి నుంచే. మిద్దెకు ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్ పెయింట్ వేయించు.

మట్టెవాడ_వాసి:
చాలా థాంక్స్ అక్కా, అన్నా. సోలార్ పెట్టాలని కూడా ఉంది. పాత మిద్దె ఆ బరువు మోస్తుందా?

రామగుండం_పవర్:
మన కరెంటు ఇప్పటికీ ఎక్కువ బొగ్గుదే, కాబట్టి తప్పకుండా పెట్టండి. మూడు కిలోవాట్లకు నీడ పడని జాగా దాదాపు 300 చదరపు అడుగులు కావాలి, సగటున రోజుకు 12 యూనిట్ల దాకా వస్తాయి, ఇంటి కనెక్షన్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సోలార్ పథకం సబ్సిడీ 78,000 రూపాయలు. బరువు కన్నా గాలిదుమారం ప్యానెళ్లను లేపేయడమే పెద్ద భయం. పాత మిద్దె నడుమ బోల్టులు కొట్టనీయకండి, అక్క చెప్పిన కొత్త కట్టు మీద స్టాండ్ పెట్టండి, చాలకపోతే మిగతా కాళ్లు సరిగ్గా రాతి గోడల మీదికి వచ్చేటట్టు చూసుకోండి.