135 జెనోవాని ఎంతవరకు చుట్టొచ్చు? (క్యాటలినా 22, శాన్‌ఫ్రాన్సిస్కో బే)

బర్కిలీ_కొత్తపడవ:

అందరికీ నమస్కారం. నా క్యాటలినా 22 (చిన్న తెరచాప పడవ) బర్కిలీ మెరీనాలో ఉంటుంది. పాత ఓనరు ఇచ్చిన 135 శాతం జెనోవానే (మాస్ట్‌కి, అంటే పడవ స్తంభానికి, ముందు ఉండే పెద్ద తెరచాప) ఫర్లర్ (చాపని చుట్టే సాధనం) మీద ఉంది. ఫర్లర్ సీడీఐ వాళ్ళది. చలికాలమంతా దీంతో హాయిగా తిరిగాం. మే వచ్చాక కథ మారిపోయింది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటితే చాలు, గోల్డెన్ గేట్ నుంచి తోసుకొచ్చే గాలికి పడవ ఒరిగిపోతోంది. చుక్కాని రెండు చేతులతో పట్టుకున్నా గాలివైపుకే తిరుగుతానంటోంది.

సరే అని జెనోవాని సగానికి చుట్టేస్తున్నాను. ఒరగడం కొంచెం తగ్గుతోంది కానీ ఎదురుగాలికి పడవ ఎక్కడం, అంటే ముందుకి సాగడం, లేదు. ఏంజెల్ ఐలాండ్ చూపిస్తానని బయల్దేరి, ట్యాక్ మీద ట్యాక్ వేసి (గాలికి ఎదురుగా అటూ ఇటూ మలుపులు తిప్పి), చివరికి పాత పీర్ చుట్టూనే తిరుగుతున్నాను. చాప మధ్యలో ఉబ్బుతోంది, పైన వెనక అంచు టపటపా కొట్టుకుంటోంది. ఆ చప్పుడుకే మా ఆవిడకి టెన్షన్. చిన్న జిబ్ (జెనోవా బదులు వాడే చిన్న ముందు చాప) కొనాల్సిందేనా? మెయిన్ (మాస్ట్ వెనక ఉండే ప్రధాన చాప) పూర్తిగా ఎత్తే ఉంచుతున్నాను, అది తప్పా?

పాత_చుక్కాని:

సగానికి చుట్టకండి. 100 శాతం దగ్గర ఆపండి, అంతకు మించి చుడితే ఆ గుడ్డ వల్ల కాదు.

ముందు లెక్క చెబుతాను, ఎందుకంటే మీ కష్టమంతా అందులోనే ఉంది. మీ పడవలో మాస్ట్ నుంచి ఫోర్‌స్టే (మాస్ట్‌ని ముందు నుంచి పట్టి ఉంచే తీగ) కింది కొస వరకు దాదాపు 8 అడుగులు. చాప వెనక మూల, అంటే క్లూ నుంచి ముందు అంచుకి లంబంగా కొలిచిన దూరం ఆ 8 అడుగులకి ఎంత శాతమో అదే చాప సైజు. 135 అంటే 10.8 అడుగులు. 100 కావాలంటే 2.8 అడుగులు చుట్టాలి. చూడ్డానికి పావు వంతే పోయినట్టు ఉంటుంది. కానీ చాప త్రిభుజం కదా. చుట్టేకొద్దీ కింది అంచు ఫాయిల్ (చాప చుట్టుకునే ఫర్లర్ కడ్డీ) మీద పైకి పాకుతుంది, తల కిందికి దిగుతుంది, ముందు అంచు కూడా పొట్టిదైపోతుంది. 10.8లో 8 అంటే 0.74. వైశాల్యానికి దాన్ని దానితోనే గుణించాలి: 0.55. అంటే 100 దగ్గర ఆపినా 45 శాతం చాప అప్పటికే పోయింది.

ఇక కింది అంచు సగం చుట్టారంటే మీకు మిగిలింది పావు చాప. ముందు పావు చాప, వెనక నిండు మెయిన్. తోపు అంతా వెనక్కి వచ్చేస్తే పడవ ముక్కు గాలివైపు తిరగక ఏం చేస్తుంది? మీ చుక్కాని బరువెక్కడానికి కారణం సగం ఇదే. గాలి 15 నాట్లు (గాలి వేగం కొలత) దాటబోతుంటే మెయిన్‌కి మొదటి రీఫ్ వేసేయండి (అంటే చాపని కొంత దించి కట్టి చిన్నది చేయండి), అదీ మెరీనా నోరు దాటకముందే. మిగతాది జెనోవాతో సర్దుకోవచ్చు. గాలి రెట్టింపైతే చాప మీద ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది, కాబట్టి "ఇంకొంచెం చూద్దాం" అనుకునే టైమ్ ఉండదు.

ఉబ్బు సంగతి: చాపకి కడుపు మధ్యలో కుడతారు, తలా కిందా చదునుగా ఉంటాయి. ఫాయిల్ అన్నిచోట్లా ఒకే లావు. అందుకే పైనా కిందా బిగువుగా చుట్టుకుంటుంది, మధ్యలో గుడ్డ మిగిలిపోతుంది. గాలి ఎక్కువైనప్పుడు చదునైన చాప కావాలి, మీకు దొరికేది లోతైన సంచి. అది పడవని ముందుకి లాగదు, పక్కకి తోస్తుంది. ముందు అంచు వెంట ఫోమ్ పట్టీ కుట్టిన చాపల్లో ఆ ఫోమ్ మధ్య భాగాన్ని లావు చేసి మిగులు గుడ్డని మింగుతుంది. మీది పాత చాప కాబట్టి అది లేకపోవచ్చు, తడిమి చూడండి, మెత్తగా తగులుతుంది.

టపటపకి మందు మీ చేతిలోనే ఉంది. చుట్టినకొద్దీ క్లూ ముందుకీ పైకీ జరుగుతుంది. షీట్ (క్లూకి కట్టిన తాడు) వెళ్ళే కారు (డెక్ మీద ముందుకీ వెనక్కీ జరిగే కప్పీ) మాత్రం 135 కోసం పెట్టిన చోటే ఉండిపోయింది. తాడు కింది అంచునే లాగుతోంది, వెనక అంచుని పట్టేవాడు లేడు. కారుని ముందుకి జరపండి. ఎంత అంటే, ముందు అంచు దగ్గర గాలి తీరు చూపే ఊలు పోగులు చూసుకుంటూ మెల్లగా గాలికి ఎదురెక్కండి. పైపోగు ముందు ఎగిరితే కారు ఇంకా ముందుకి, కిందిది ముందు ఎగిరితే వెనక్కి. కుదిరిన చోట డెక్ మీద పెన్సిల్ గీత, చాప కింది అంచు మీద మార్కర్ గీత. మళ్ళీ ఆ గోల ఉండదు.

కొనడం గురించి. ఇక్కడ ఎండాకాలమంతా లోపలి సెంట్రల్ వ్యాలీ కాగుతుంది, ఆ వేడిగాలి పైకి లేస్తే దాని చోటు నింపడానికి సముద్రపు చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి దూరుతుంది. ఆ గాలి సూటిగా వచ్చేది మీ బర్కిలీకే. మధ్యాహ్నం 20, 25 నాట్లు మామూలే. ఈ నీళ్ళకి ఫర్లర్ మీద ఉండాల్సింది 110, అదీ ఫోమ్ పట్టీతో. 135ని అక్టోబరు చివర్లో ఎక్కించి ఏప్రిల్లో దించేయండి. రెంటినీ ఒకే చాపతో కానిచ్చేద్దామంటే రెండు కాలాల్లోనూ ఇబ్బందే.

రిచ్మండ్_కొక్కేలు:

నాకు 110 కూడా ఎక్కువే అనిపిస్తుంది. జూన్, జులైలో నేను 90 తోనే తిరుగుతాను. పైగా నాకు ఫర్లరే లేదు, కొక్కేల జిబ్ (డెక్ మీదికి వెళ్ళి ఫోర్‌స్టేకి కొక్కేలతో తగిలించేది). చుట్టిన 100 కంటే కుట్టిన 90 ఎప్పుడూ బాగా ఎక్కుతుంది. పాత_చుక్కాని గారు ఒప్పుకోరులెండి, ఆయనకి డెక్ మీదికి వెళ్ళడం ఇష్టం ఉండదు.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి. చుట్టిన చాప మొత్తాన్ని పట్టి ఉంచేది ఆ సన్నటి ఫర్లింగ్ తాడు ఒక్కటే. క్లీట్‌లోంచి (తాడుని బిగించి పట్టే కొమ్మ) జారిందంటే 25 నాట్లలో నిండు 135 ఒక్కసారిగా విచ్చుకుంటుంది. క్లీట్ మీద ఇంకో మెలిక వేయండి, తాడు ఎక్కడైనా ఒరుసుకుని పీచు లేచిందేమో చూసుకోండి. గట్టిగాలిలో చాప బిగువుగా చుట్టుకుంటుంది, చుట్లు ఎక్కువ పడతాయి. మొత్తం చుట్టాక కూడా షీట్లు రెండు మూడు సార్లు చుట్టూ తిరిగేంత తాడు డ్రమ్ (ఫర్లర్ కింద తాడు చుట్టుకునే చక్రం) మీద ఉండాలి.

బర్కిలీ_కొత్తపడవ:

చాలా థాంక్స్ అన్నా. పావు చాప లెక్క నాకు అస్సలు తట్టలేదు. ఇంకో రెండు: గట్టిగాలిలో చుట్టడానికి తాడు రావడం లేదు, వించ్ (తాడు లాగే తిరుగుడు యంత్రం) వేసి లాగొచ్చా? ఈ 135నే కత్తిరించి 110 చేయిస్తే డబ్బు మిగులుతుందా?

పాత_చుక్కాని:

వించ్ వద్దు తమ్ముడూ. చేత్తో రాలేదంటే ఎక్కడో పట్టేసిందని అర్థం. వించ్‌కి ఆ సంగతి తెలియదు, ఏదో ఒకటి విరిగేదాకా లాగుతుంది. గాలి పోయే వైపు ఖాళీ నీళ్ళు ఉన్నప్పుడు పడవని గాలివాటుకి తిప్పు. మెయిన్ చాటుకి రాగానే జెనోవా మెత్తబడుతుంది. షీట్‌ని పూర్తిగా వదిలేయకుండా, ఇంకో చేత్తో కొంచెం బిగువు ఉంచుతూ లాగు. పూర్తిగా వదిలితే చుట్ట వదులుగా, వంకరగా పడుతుంది.

కత్తిరించడం దండగ. సాగిపోయిన గుడ్డని చిన్నది చేస్తే సాగిపోయిన చిన్న చాప వస్తుంది. వెనక అంచూ కింది అంచూ కాపాడే ఎండ పట్టీ ఊడదీసి మళ్ళీ కుట్టాలి, ఆ కూలికి ఇంకొంత కలిపితే మంచి సెకండ్‌హ్యాండ్ 110 దొరకొచ్చు. సీడీఐ ఫాయిల్ గాడిలో పట్టే ముందు అంచు తాడు సైజూ, ముందు అంచు పొడవూ అడిగి తెలుసుకున్నాకే డబ్బులివ్వు.

రిచ్మండ్ గారూ, డెక్ మీదికి నేను వెళ్తాను. నా మోకాళ్ళే రామంటాయి.