చుట్టాలకి హైదరాబాద్ చూపించాలంటే మెట్రో సరిపోతుందా, కారు మాట్లాడాల్సిందేనా?

కేపీహెచ్‌బీ అల్లుడు:
రాజమండ్రి నుంచి అత్తయ్య, మామయ్య, వాళ్ల పిల్లలిద్దరూ శుక్రవారం పొద్దున్నే గౌతమిలో దిగుతున్నారు. మూడు రోజులుంటారు. చార్మినార్, సాలార్‌జంగ్, బిర్లా మందిర్, గోల్కొండ, వీలైతే ఫిల్మ్‌సిటీ అని లిస్టు ముందే పంపేశారు. మా ఆవిడ మూడు రోజులకీ కారు మాట్లాడేయమంటోంది, నేనేమో ఇంటి పక్కన మెట్రో పెట్టుకుని ట్రాఫిక్‌లో డబ్బులు తగలేయడం దేనికంటున్నాను. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. మీరైతే ఏం చేస్తారు?

మూసీ గట్టు:
మెట్రోనే, అందులో ఆలోచించేదేముంది. కేపీహెచ్‌బీలో రెడ్ లైన్ ఎక్కితే ఎక్కడా రైలు మారకుండా ముప్పావు గంటలోపు ఎంజీబీఎస్‌లో దిగుతారు. అక్కణ్ణుంచి సాలార్‌జంగ్ పక్కనే, చార్మినార్ సుమారు రెండు కిలోమీటర్లు. బిర్లా మందిర్ కూడా అదే లైన్ మీద, అసెంబ్లీ స్టేషన్‌లో దిగి గుట్ట పైకి ఆటో మాట్లాడుకోవడమే. అదే కారులో అయితే అమీర్‌పేట, పంజాగుట్ట దాటేసరికే పిల్లలు ఆకలంటారు. పోనీ వెళ్లారనుకోండి, చార్మినార్ దాకా కారు రానివ్వరు, ఎక్కడో ఆపుకుని నడవాల్సిందే. అన్నట్టు సాలార్‌జంగ్‌కి శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.

నాలుగు చక్రాలు:
మీరు ఒంటరిగా తిరిగేవాళ్లలా ఉన్నారు, అందుకే అంత ధీమా. ఆ మెట్రో ఆఫీసులకి వెళ్లేవాళ్ల కోసం వేసింది, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ల కోసం కాదు. 2017లో మొదలైంది, ఈరోజుకీ చార్మినార్‌కి లేదు, గోల్కొండకి లేదు, జూపార్కుకి లేదు, ఆఖరికి ఎయిర్‌పోర్టుకీ లేదు. ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన గ్రీన్ లైన్ ఎంజీబీఎస్ దగ్గర ఆగిపోయింది. పైగా వీళ్లు ఎంతమంది? మొగుడూ పెళ్లాం, వచ్చేవాళ్లు నలుగురు, ఆరుగురు. ఆరు టిక్కెట్లు పోనూ, రానూ, దిగిన ప్రతిచోటా రెండేసి ఆటోలు. 2025 మేలో మెట్రో ఛార్జీలు పెంచారు కూడా. లెక్క వేసుకుంటే ఏడు సీట్ల బండికి పెద్ద తేడా ఉండదు.

మూసీ గట్టు:
తేడా డబ్బు ఒక్కటే కాదు కదండీ, టైము కూడా. మోకాళ్ల సంగతంటారా, స్టేషన్లలో లిఫ్టులున్నాయి.

నాలుగు చక్రాలు:
ఉన్నాయి, కింద నుంచి టిక్కెట్ల దగ్గరికి ఒకటి, అక్కణ్ణుంచి ప్లాట్‌ఫాం మీదికి ఇంకోటి. ఆ మధ్యలో నడక ఎవరు నడుస్తారు?

ఉప్పల్ వదిన:
సిటీ బస్సుని ఎవరూ తలవరేంటి? 24 గంటల పాస్ ఒకటి ఇస్తారు, ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రోజంతా ఎక్కొచ్చు దిగొచ్చు. మహాలక్ష్మి కింద ఆడవాళ్లకి ఫ్రీ కూడా, కాకపోతే తెలంగాణ అడ్రస్ ఉన్న కార్డు చూపించాలి, కాబట్టి మీ ఆవిడకి ఫ్రీ, అత్తయ్యగారికి టిక్కెట్టు. (ఆవిడకి అక్కడ ఆంధ్రాలో ఆడవాళ్ల ఫ్రీ బస్సు పథకం స్త్రీశక్తి ఉందిగా, సరిపోయింది.) నేను పదిహేనేళ్లుగా బస్సులోనే తిరుగుతున్నాను కానీ ఒక్కమాట నిజం చెప్పాలి, ఫ్రీ వచ్చాక సాయంత్రం పూట సీటు దొరకడం కష్టం. మోకాళ్ల నొప్పులున్న మనిషిని నిలబెట్టి తీసుకెళ్లమని నేను చెప్పను.

లింగంపల్లి లోకల్:
ఎంఎంటీఎస్ కూడా ఉంది, 2003 నుంచి. టిక్కెట్టు చాలా చవక. రైలు ఎప్పుడొస్తుందో చూసుకుని ఇంట్లోంచి బయల్దేరాలి, అంతే.

టోలిచౌకి తమ్ముడు:
నేను మెట్రో పార్టీయే కానీ గోల్కొండకి మాత్రం వద్దు. పోయినేడాది మా నాన్నని తీసుకెళ్లా. వెళ్లేటప్పుడు బాగానే ఉంది, మెహదీపట్నం నుంచి బస్సెక్కాం. లైట్ షో చూసి బయటికొచ్చేసరికి ఒకేసారి వందలమంది. ఫోన్లో బండి బుక్ చేస్తే ఒప్పుకోవడం, రెండు నిమిషాలకి క్యాన్సిల్ చేయడం, నలభై నిమిషాలు ఇదే టెన్షన్. చివరికి ఒక ఆటోవాడు మామూలుకి మూడింతలు అడిగాడు, నోరు మూసుకుని ఇచ్చాను. కోట దగ్గర వెయిటింగ్‌లో ఉండే బండి ఉంటే ఆ సుఖమే వేరు. ఇంకోటి, పైదాకా మూడొందలకి పైగా మెట్లున్నాయి, అత్తయ్యగారిని ముందే అడగండి.

మూసీ గట్టు:
గోల్కొండకి కారు, ఒప్పుకున్నా. ఫిల్మ్‌సిటీకి కూడా అనకండి మళ్లీ, ఎల్బీనగర్ దాకా మెట్రో ఉంది, అక్కణ్ణుంచి బస్సు.

నాలుగు చక్రాలు:
ఎల్బీనగర్ తర్వాత ఇంకెంత దూరమో ఎప్పుడైనా వెళ్లారా సార్? హయత్‌నగర్ కూడా దాటాలి. రోజంతా అక్కడ తిరిగి, రాత్రి మళ్లీ ఆ బస్సు కోసం నిలబడమంటారా పిల్లలతో?

కేపీహెచ్‌బీ అల్లుడు:
అందరికీ థాంక్స్. ఫిల్మ్‌సిటీ ఈసారికి ఎత్తేశాం, ఒక రోజంతా దానికే పోతుంది. శుక్రవారం రెస్టు, సాయంత్రం బిర్లా మందిర్. శనివారం మెట్రోలో సాలార్‌జంగ్, చార్మినార్, దిగాక రెండు ఆటోలకి నేను సిద్ధమే. ఆదివారం గోల్కొండకి ఏడు సీట్ల బండి మాట్లాడాను, వెయిటింగ్‌తో కలిపి. మెట్ల సంగతి అత్తయ్యకి ఫోన్ చేసి అడిగితే, కింద నీడలో కూర్చుంటాను, మీరు ఎక్కి రండి అంది. లాడ్ బజార్‌లో గాజుల కొట్లన్నీ మాత్రం నడిచే తిరుగుతుందట, దానికి మోకాళ్లు అడ్డురావట.