సమస్యాపూరణం: ఒంటి పరుగులోన నోడె నొకడు

పాదరసం (నిర్వహణ)

పోయిన వారమంతా ఇక్కడ పద్యాలు మానేసి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఎవరికివ్వాలో ఎవరికివ్వకూడదో అని కొట్టుకున్నారు కదా, ఆ కోపమంతా ఈసారి ఛందస్సులో చూపించండి. సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి:

ఒంటి పరుగులోన నోడె నొకడు

సందర్భం మీకు తెలిసిందే. 2024 డిసెంబర్ 11న ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫాలోని సభ్య సమాఖ్యలన్నీ ఆన్‌లైన్‌లో సమావేశమై 2034 కప్పును సౌదీ అరేబియాకు ఇచ్చేశాయి. బరిలో రెండో దేశం లేదు, బ్యాలెట్ లేదు, కెమెరాల ముందు చప్పట్లు కొడితే అయిపోయింది. అదే రోజు 2030 కప్పు స్పెయిన్, పోర్చుగల్, మొరాకోలకు వెళ్ళింది, దానికీ పోటీ లేదు. ఒక్కడే పరుగెత్తితే ఓడేదెవడు అన్నది మీరు తేల్చాలి. పాదం చివర సంధి కలపకపోయినా ఊరుకుంటాను కానీ యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరానికీ పొత్తు, తప్పితే ఊరుకోను.

వెన్నెల

నాది ఆస్ట్రేలియా మీద.

ఇరువదైదు నాళ్ళె యిచ్చిరి గడువుగా
ఆట మొదలు కాక యలసి పోయె
కడకు వెనుదిరిగెను కంగారు దేశము
ఒంటి పరుగులోన నోడె నొకడు

2023 అక్టోబర్ మొదటి వారంలో 2034కి ఆసియా, ఓషియానియా దేశాలే అడగాలని చెప్పి అదే నెల 31 లోపు ఆసక్తి తెలపమన్నారు. స్టేడియాలకూ ప్రభుత్వ హామీలకూ లెక్కలు వేసుకోడానికి పాతిక రోజులేంటండీ, మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు మార్చడానికే మూడు మీటింగులు పట్టాయి! చివరి రోజున ఆస్ట్రేలియా తప్పుకుంది.

పాదరసం

యతులన్నీ కుదిరాయి వెన్నెల గారూ, ఇ-యి, ఆ-య, క-కం. పరుగు ఒకరిది, ఓటమి పరుగెత్తనివాడిది అన్న విరుపు బాగుంది. రెండో పాదం మాత్రం నాకు నచ్చలేదు, ఆస్ట్రేలియా అలసిపోలేదు, లెక్క చూసుకుని ఆగింది. ఆ పాదంలో ఆ లెక్క కనిపించాలి.

అర్ధచంద్ర

ఆ గడువు వెనక సంగతి కూడా చెప్పుకోవాలి. 2026 ఉత్తర అమెరికాది. 2030లో స్పెయిన్, పోర్చుగల్‌లతో ఐరోపా, మొరాకోతో ఆఫ్రికా, ఇక నూరేళ్ళ పండగ పేరుతో ఉరుగ్వే, అర్జెంటీనా, పరాగ్వేలలో తలో మ్యాచ్ పెట్టి దక్షిణ అమెరికా, ఇలా మూడు ఖండాల్ని ఒకే కప్పులో సర్దేశారు. ఈమధ్యే కప్పు పెట్టిన ఖండాలు మళ్ళీ అడగకూడదు కాబట్టి 2034కి ఇంకెవరు మిగిలారు? తలుపులన్నీ గడియ పెట్టి ఒక్క తలుపు తీసి ఉంచి "ఎవరైనా రావచ్చు" అన్నారు. నా పూరణ:

ఓట్లు లేని చోట చప్పట్లు చాలును
ఎవరు గెలిచిరనుట యేల వింత
బంతి యడుగుచుండె పందెమెక్కడ యని
ఒంటి పరుగులోన నోడె నొకడు

పాదరసం

మూడో పాదం చదివి లేచి నిలబడ్డాను. ఓడింది ఆటే అని చెప్పారు, అదీ బంతి నోట చెప్పించారు. కానీ మొదటి పాదంలో యతి ఎగిరిపోయింది తమ్ముడూ. ఓ-కి నాలుగో గణం మొదట్లో చ ఎలా కుదురుతుంది? ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) అందామా అంటే ట్లకీ ప్పకీ పొత్తు లేదు. ఒక్క మాట మార్చు:

సాటి లేని చోట చప్పట్లు చాలును

స-కీ చ-కీ యతి చెల్లుతుంది, ఆ-అ స్వరమూ కలిసింది. పైగా ఓట్లు లేవనడం కంటే సాటి లేదనడమే నిజానికి దగ్గర.

అర్ధచంద్ర

మార్చేశాను మాస్టారూ. ఓట్లు పోయినందుకు మాత్రం బాధగానే ఉంది.

ఉప్పల్ రాజు

ఫుట్‌బాల్ మీద రాయమన్నారు గానీ పరుగు అంటే మాకు వేరే అర్థం ఉంది. కోప్పడకండి.

ఉప్పలందు జూడ నుత్కంఠ పోరులో
చెన్నపురికి కప్పు చేయి జారె
ఆఖరైన బంతి కవుటయ్యె బ్యాటరు
ఒంటి పరుగులోన నోడె నొకడు

2019 మే 12, ఐపీఎల్ ఫైనల్, ముంబయి చేతిలో చెన్నై ఒక్క పరుగు తేడాతో పోయింది. 2017 ఫైనల్ కూడా ఉప్పల్‌లోనే, అదీ ఒక్క పరుగే, అప్పుడు పోయింది పుణె.

పాదరసం

నవ్వించావు రాజూ, పద్యం నడక కూడా బాగుంది. అయితే తెలుగులో పరుగు తేడా"తో" ఓడతాం గానీ పరుగు"లో" ఓడం. సమస్యను పక్కదారి పట్టించడం పాత విద్యే, అవధానుల దగ్గరా చూస్తుంటాం, కానీ ఆ దారిలో విభక్తి కూడా నీ వెంట రావాలి. మార్కులు సగమే.

ఉప్పల్ రాజు

సగమైనా ఇచ్చారు, చాలు. ఒకటి అడుగుతా, ఆతిథ్యం గొడవలో మన ఊరి మాటే రాదేం? 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానానికీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికీ నడిపిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడు. 2017లో అండర్-17 ప్రపంచ కప్ మన దేశంలో జరిగితే ఢిల్లీ, కోల్‌కతా, కొచ్చి, గోవా, గువాహటి, నవీ ముంబయి, ఆరు చోట్ల ఆడించారు, హైదరాబాద్ లేదు!

కోరుట్ల కుర్రోడు

అందరికీ నమస్తే. నేను దోహాలో పనిచేసి వచ్చిన. ఛందస్సు ఇక్కడే చూసి నేర్చుకున్న, తప్పులుంటే చెప్పుండ్రి.

ఎండ మండుచుండ నెత్తైన గోడలు
కట్టి నిలిపినాడు కప్పు కొరకు
టిక్కెటు కొన లేక టీవీల ముందుండె
ఒంటి పరుగులోన నోడె నొకడు

డాలస్ బాబు

పద్యం బాగుంది అన్నా, కానీ ఒక సందేహం. 2022లో ఖతర్‌లో ఉండేవాళ్ళకు లీగ్ మ్యాచ్ టిక్కెట్లు 40 రియాళ్ళ నుంచి పెట్టారు కదా, కొనలేకపోవడం ఏంటి? అందరూ ఖతర్‌ను తిట్టడమే ఫ్యాషన్ అయిపోయింది. ఇక్కడ మా ఊళ్ళో, అదే ఆర్లింగ్టన్‌లో, 2026కి తొమ్మిది మ్యాచులు పెట్టారు, పదహారు నగరాల్లో ఇంకెక్కడా అన్ని లేవు. టిక్కెట్ల ధర గిరాకీని బట్టి పెంచే పద్ధతి పెట్టారు, విమాన టిక్కెట్లలాగా. మొరాకోను 134-65తో ఓడించి తెచ్చుకున్న ఆతిథ్యం ఇది, సభ్య దేశాలు కూర్చుని ఓటేసి మరీ ఇచ్చారు. ఓటు ఉంటే అభిమానికి మేలు జరుగుతుందని ఎవరన్నారు?

కోరుట్ల కుర్రోడు

40 రియాళ్ళ మాట నిజమే అన్నా. ఖర్చు కాదు, సెలవు. మాది రెండు షిఫ్టుల పని, మ్యాచ్ ఉన్న రోజే ఓవర్‌టైం వస్తుండె, వద్దంటే సూపర్‌వైజర్ పేరు రాసుకుంటడు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఇండస్ట్రియల్ ఏరియా పక్కన ఏషియన్ టౌన్ క్రికెట్ గ్రౌండ్‌ల మాలాంటోళ్ళ కోసం పెద్ద తెర పెట్టిన్రు, అక్కడికి పోయినోళ్ళు పోయిన్రు. మేం రూంలనే చూసినం, పైబంకు మీద కూసున్నోళ్ళకు ఫ్యాన్ రెక్క అడ్డమొచ్చి తెర సగమే కనబడుతుండె, గోల్ పడ్డదని కింద అరుపులు వినే తెలుసుకుందురు. నేను ఖతర్‌ను తిట్టుత లేను. 2021ల రూల్ మార్చి జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాక పొద్దుగాల 10 నుంచి మూడున్నర వరకు బయట పని బందు పెట్టిన్రు, నెలకు వెయ్యి రియాళ్ళ కనీస జీతం కూడ అప్పుడే వచ్చింది. కప్పు రాకుంటే అవి వచ్చునా? కాకపోతే కప్పు ఇచ్చింది 2010ల, ఇవి వచ్చింది 2021ల. నడుమ పదేండ్లు పనిచేసినోళ్ళ సంగతి ఎవరడగాలె?

వెన్నెల

అదే కదా అసలు సంగతి! ఇచ్చే రోజున షరతు పెట్టడం వేరు, ఇచ్చేశాక పదేళ్ళకు సర్దుకోమనడం వేరు. 2010లో జ్యూరిక్‌లో 2022 కప్పుకు ఓటేసింది ఫిఫా కార్యవర్గంలోని 22 మందే, మరో ఇద్దరు అప్పటికే సస్పెండ్ అయి బయట ఉన్నారు. చివరి రౌండులో ఖతర్ 14, అమెరికా 8. అప్పుడు పోటీ ఉంది, ఓటు ఉంది, అయినా కూలీల మాట అడగాల్సినంత గట్టిగా ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఓటే లేదు. రియాద్, జెద్దా, ఖోబర్, అభా, నియోం, ఐదు నగరాల్లో పదిహేను స్టేడియాలు అంటున్నారు, అందులో చాలావరకు ఇంకా కట్టాల్సినవే. ఎవరు కడతారో మనకు తెలియదా.

పాదరసం

వాదన ఆపమనను, బాగుంది. పద్యం దగ్గరికొస్తే, కుర్రోడా, ఎ-నె, క-క, టి-టీ, అన్నీ సరిగ్గా పడ్డాయి. మూడో పాదం మీదే డాలస్ బాబు గురి. నీ మాటలోనే జవాబుంది, దాన్నే పాదం చేద్దాం:

సెలవు దొరకదాయె చేరె టీవీ ముందు

సె-చే యతి కుదిరింది. టిక్కెట్టు గొడవ పోయింది, నువ్వు చెప్పిన షిఫ్టు వచ్చింది. ఇల్లు వదిలి ఒంటరిగా వెళ్ళినవాడి పరుగు కాబట్టి "ఒంటి" అన్న మాటకు నీ దగ్గర ఉన్నంత బలం ఇంకెవరి పూరణలోనూ లేదు.

కోరుట్ల కుర్రోడు

సెలవు పాదం పెట్టుండ్రి సార్. టిక్కెటు తీసేయుండ్రి.

డాలస్ బాబు

నేనూ ఒకటి రాశాను, ఫుట్‌బాల్ చరిత్రలోంచి.

ఆ కొలంబియకును నాతిథ్య భాగ్యము
దక్కె, మురిసె గాని ధనము లేదు
మాకు వద్దటంచు మధ్యలో దిగిపోయె
ఒంటి పరుగులోన నోడె నొకడు

1974లో కొలంబియాకు 1986 కప్పు ఇచ్చారు. 1982లో ఫిఫా షరతులు మోయలేమని వాళ్ళే వదిలేస్తే మెక్సికోలో ఆడించారు. మారడోనా చేతి గోలు అక్కడే, అదే కప్పులో.

పాదరసం

సమస్యను సూటిగా తీర్చినవాటిలో ఇది ముందుంటుంది. పరుగెత్తినవాడూ ఓడినవాడూ ఒకడే, ఎదురుగా ఎవరూ లేరు, అయినా ఓడాడు. ద-ధ యతి కూడా హాయిగా ఉంది. "ధనము లేదు" ఒక్కటే కాస్త పలచన. డబ్బు లేక మాత్రమే కాదు, ఆ డబ్బు కప్పుకు పెట్టడం అవసరమా అని ఒక దేశం తనను తాను ప్రశ్నించుకుని వద్దనుకుంది. ఇప్పుడెవరైనా అలా వదులుకుంటారా?

అర్ధచంద్ర

మాస్టారూ, ఇంకొకటి. మొరాకో 1994, 1998, 2006, 2010, 2026, ఐదుసార్లు ఒంటరిగా అడిగి ఓడిపోయింది. ఇప్పుడు ఇద్దరితో కలిస్తే వచ్చింది.

ఐదు మార్లు కప్పు నడిగి భంగము పొందె
జంట కలిసి రాగ జయము గలిగె
తోడు దొరకువరకు దుఃఖమే మిగిలెను
ఒంటి పరుగులోన నోడె నొకడు

మొరాకో పేరు పెట్టాలని చూశాను, ఆ లఘువు (పొట్టి అక్షరం) తర్వాత రెండు గురువులు (పొడుగు అక్షరాలు) ఏ గణంలోనూ ఇమడలేదు.

పాదరసం

ఒక గణంలో ఇమడదు, రెండు గణాల మధ్య విరిస్తే ఇముడుతుంది. "మొ" మూడో సూర్యగణానికి (చిన్న గణానికి) తోకగా వేసి "రాకోకు" ఇంద్రగణం (పెద్ద గణం) చెయ్యి. అప్పుడు యతి రా-కి రావాలి, అదెలాగూ మన నోట్లో ఉన్న మాటే:

రాక రాక యది మొరాకోకు దక్కెను
జంట కలిసి రాగ జయము గలిగె
ఐదు మార్లు కప్పు నడిగి భంగము పొందె
ఒంటి పరుగులోన నోడె నొకడు

నీ మూడో పాదం తీసేశాను, మొదటిది అక్కడికి దింపాను. ఓటమి సమస్యా పాదం పక్కకొచ్చేసరికి అర్థం తిన్నగా దిగింది.

ఉప్పల్ రాజు

రాక రాక మొరాకో! ఇది స్టేడియంలో అరవడానికి బాగుంటుంది.

పాదరసం

ఈ వారం మొదటి స్థానం కోరుట్ల కుర్రోడికి, సెలవు పాదంతో కలిపి. రెండోది అర్ధచంద్ర, బంతి పద్యానికి. మొరాకోలో సగం నాది కాబట్టి లెక్కలోకి తీసుకోను. వచ్చే వారం సమస్య ఇదీ, ఆటవెలది నాలుగో పాదమే: "మండుటెండలోన మంచు కురిసె". స్టేడియంలో ఏసీ పెట్టారని మాత్రం రాయకండి, అది అందరికీ తడుతుంది. రాజూ, క్రికెట్ వద్దు.